చెరువు కాలువకు చందా వెయ్యాలంటే నమ్మకం ముందా, సర్కారు ముందా?

కొత్తగా చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీది పలమనేరు దగ్గర పల్లె. ఊరి చెరువుకు నీళ్ళు తెచ్చే వంక కాలువ పూడిపోయి కంపచెట్లతో నిండిపోయింది. మధ్యలో కొందరు గట్లు జరిపి కాలువను తమ చేలల్లో కలుపుకున్నారు. వాన బాగానే పడినా చెరువులోకి నీళ్ళు చేరడం లేదు. ఎకరానికి ఇంతని చందా వేసుకుని జేసీబీతో తవ్విద్దామని కుర్రవాళ్ళు అంటే ఊరు రెండుగా చీలింది. సగం మంది "అది గవర్నమెంటు పని, మనమెందుకు పెట్టాల" అన్నారు. మిగతా సగం "డబ్బు ఎవురి చేతిలో పెట్టాల" అన్నారు. దాంతో మీకు పెద్ద సందేహమే వచ్చింది: పదిమంది కలిసి ఒక పని చెయ్యాలంటే ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉండాలా, లేక పైన గట్టి ప్రభుత్వం ఉండాలా? చివర్లో ఇంకొకటి కూడా అడిగారు, కమిటీలో సర్పంచ్‌ను పెట్టుకోవాలా వద్దా అని.

నేను సహకార శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే గడిచింది. పాల సంఘాలు, సింగిల్ విండోలు (రైతులకు అప్పులిచ్చే ఊరి సహకార సంఘాలు), పొదుపు సంఘాల పుస్తకాలు చూడటం, తగువు వచ్చిన చోటికి విచారణకు పోవడం నా పని. నిలబడిన సంఘాలనూ చూశాను, మునిగినవాటినీ చూశాను. అందుకని నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నమ్మకం ఉందికదా అని సర్కారు లేకుండా గడవదు, సర్కారు ఉందికదా అని నమ్మకం లేకుండానూ గడవదు. ప్రభుత్వం తగువు తీర్చే పెద్దమనిషిలా కాస్త దూరంలో నిలబడితే ఊళ్ళో నమ్మకం పెరుగుతుంది. అదే ప్రభుత్వం కొందరికి ఇచ్చి కొందరికి ఇవ్వని చెయ్యిగా ఊళ్ళోకి వస్తే, ఉన్న నమ్మకం కూడా పోతుంది. ఇక ఊళ్ళో నమ్మకం సంగతంటారా, అది మనుషుల మంచితనం మీద కంటే లెక్క అందరి కంటికీ కనబడటం మీద ఎక్కువ ఆధారపడుతుంది.

మీ ప్రశ్న కింద ఒకరు రాశారు, మన జనం బుద్ధే అంత, విదేశాల్లో అయితే అందరూ నిజాయితీపరులని. ఈ మాట నాకు బాధ కలిగిస్తుంది, పైగా నిజం కూడా కాదు. 2019లో ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. మన దేశంతో సహా 40 దేశాల్లో, 17 వేలకు పైగా పర్సులను బ్యాంకులు, హోటళ్ళు, పోస్టాఫీసుల వంటి చోట్ల 'దారిలో దొరికింది' అని చెప్పి అక్కడి ఉద్యోగులకు అప్పగించారు. కొన్నిట్లో డబ్బు పెట్టారు, కొన్నిట్లో పెట్టలేదు. ఎవరు తిరిగి సొంతదారుకు కబురు చేస్తారో చూశారు. డబ్బున్న పర్సుల విషయంలోనే ఎక్కువగా కబురు వచ్చింది, దాదాపు అన్ని దేశాల్లోనూ. ఇలా జరుగుతుందని ముందుగా అడిగితే మామూలు జనమూ అనుకోలేదు, ఆర్థికవేత్తలూ అనుకోలేదు. ఎదుటివాడిని మనం వాడు నిజంగా ఉన్నదానికంటే తక్కువవాడిగా లెక్క కడతామన్నమాట. మీ ఊళ్ళో చందా ఆగిపోయింది కూడా ఇందుకేనని నా నమ్మకం. ఊళ్ళో చాలామంది 'నువ్వేస్తే నేనూ వేస్తా' అనే రకమే. ఏం చేసినా వెయ్యనివాళ్ళు ప్రతి ఊళ్ళో కొందరే ఉంటారు. కానీ వేసేవాళ్ళు ఎంతమందో ఎవరికీ కనబడదు, వెయ్యనివాడు మాత్రం రచ్చబండ దగ్గర గట్టిగా మాట్లాడతాడు. మిగతావాళ్ళు వాడిని చూసి చెయ్యి వెనక్కి తీసుకుంటారు.

ఇంకొకరు రాసిన మాట, పూర్వం ఊరంతా ఒక్కటిగా ఉండేది, చెరువులు ఊరే చూసుకునేది, సర్కారు వచ్చి చెడగొట్టిందని. ఇందులో సగం నిజముంది. మన వైపు చెరువులకు నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు వదలాలి, కొన భూములకు నీళ్ళు ఎలా చేర్చాలి అన్నీ అతనే చూసేవాడు. పంట కళ్ళంలో ఉండగానే అతనికి మేర, అంటే ధాన్యంలో వాటా, కొలిచి ఇచ్చేవాళ్ళు. కట్ట మీద కంప కొట్టడం, కాలువ పూడిక తియ్యడం కుడిమరామత్తు (ఊరివాళ్ళే చెరువు బాగుచేసుకునే పాత పద్ధతి) కింద ఆయకట్టు రైతులందరి వంతు, అంటే ఆ చెరువు నీళ్ళతో సాగు చేసేవాళ్ళందరిదీ. చదువుతుంటే ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ పని చేతులతో ఎవరు చేశారో కూడా చూడాలి. నీరుగంటి చాలా ఊళ్ళలో దళితుడు, అతని కొడుకూ నీరుగంటే. మన్ను మోసింది భూమి లేని కూలివాళ్ళు, 'రాను' అనే హక్కు వాళ్ళకు లేదు. అంత ముచ్చటైన సహకారమే అయితే, మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఈస్టిండియా కంపెనీ పాలన ఈ పనిని బలవంతంగా చేయించడానికి చట్టం ఎందుకు తెచ్చుకోవాల్సి వచ్చింది? కాబట్టి ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరుకోను. కులం గట్టిగా ఉన్నచోట కులంలోపల నమ్మకం దండిగా ఉంటుంది, దాని గడప దాటితే ఏమీ ఉండదు. మీకు కావలసింది కులం గడప దాటే నమ్మకం. అది దానంతట అది పుట్టదు, కట్టుకోవాలి.

కట్టుకున్న ఊళ్ళు ఉన్నాయా అంటే ఉన్నాయి, అదీ మన సీమలోనే. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లాలో కాలువ కింది పల్లెలు తిరిగి చూశాడు. 1970ల చివర, 80ల మొదట్లో మాట. కొన్ని ఊళ్ళలో రైతులు తమంతట తాము ఒక పెద్దల సభ పెట్టుకున్నారు. అది పంచాయతీ కాదు, దానికి ఏ చట్టమూ లేదు. ఊరి తరఫున నీళ్ళు పెట్టే మనుషులను, పొలం కావలివాళ్ళను జీతానికి పెట్టుకున్నారు. ఆ జీతాలకు డబ్బు ఎక్కడిది? కోతలయ్యాక ఊరి పొలాల్లో మేపుకునే హక్కును గొర్రెల మందలవాళ్ళకు వేలం వేసి ఊరి నిధి చేసుకున్నారు. ఆయన గమనించిన అసలు విషయం ఏమిటంటే, ఈ ఏర్పాట్లు ఎక్కువగా కాలువ కొసన ఉన్న పల్లెల్లో కనబడ్డాయి. కాలువ మొదట్లో నీళ్ళు పుష్కలంగా ఉన్న ఊళ్ళకు అవి అక్కర్లేకపోయాయి. మొదటి ఊళ్ళవాళ్ళు చెడ్డవాళ్ళూ కాదు, కొస ఊళ్ళవాళ్ళు దేవుళ్ళూ కాదు. కలవకపోతే పంట పోతుందన్న భయం కొస ఊరివాడికి ఉంది, అంతే. మీ ఊళ్ళోనూ తూము దగ్గర మడి ఉన్నవాడికి కాలువ తవ్వకపోయినా ఒక పంట కారు గడుస్తుంది. కొన ఆయకట్టువాడికి గడవదు. మీరు ఇద్దరినీ ఒకే మీటింగులో కూర్చోబెట్టి ఒకే మాట చెప్పారు. ముందు కొన భూములవాళ్ళ ఇళ్ళకు పోవాల్సింది.

'ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది' అని మన సామెత. ఆర్థికశాస్త్రంలోనూ చాలాకాలం ఇదే మాట చెప్పారు. అందరిదీ అయినది ఎవరిదీ కాదు, అయితే సర్కారు తీసుకోవాలి, లేదంటే ప్రైవేటుకు ఇవ్వాలి అన్నారు. ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికన్ పండితురాలు ప్రపంచమంతా చెరువులు, అడవులు, చేపల వేట చోట్లు చూసి, ఈ రెండూ కాని మూడో దారిలో జనం శతాబ్దాలుగా బతుకుతున్నారని చూపించింది. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది, ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమే. నేపాల్‌లో రైతులే నడుపుకునే మట్టి కాలువలు, సర్కారు సిమెంటుతో కట్టి నడిపే కాలువల కంటే కొసకు నీళ్ళు బాగా చేర్చేవని ఆమె బృందం తేల్చింది. అయితే ఆమె ప్రభుత్వాన్ని పక్కన పెట్టమనలేదు. నియమాలు వాడుకునేవాళ్ళే రాసుకోవాలి, కావలి వాళ్ళలోనుంచే ఉండాలి, మొదటి తప్పుకు చిన్న జరిమానా, మళ్ళీ చేస్తే పెద్దది, తగువు తీరే చోటు దగ్గరలో ఖర్చు లేకుండా ఉండాలి, ఇలా ఏర్పాటు చేసుకునే హక్కును సర్కారు గుర్తించాలి అంది. ఆ చివరిది లేకపోతే, ఊరు వేసిన జరిమానాను ధిక్కరించి ఎవడో ఒకడు స్టేషనుకు పోయిన రోజున మొత్తం కూలిపోతుంది.

ఇక నేను దగ్గరగా చూసినది చెబుతాను. ఒక పాల సంఘంలో ఎప్పుడూ గొడవే. పొద్దున్నే పాలు పోసేటప్పుడు వెన్న శాతం దగ్గర తిట్లు. సెక్రటరీ తన వాళ్ళకు ఎక్కువ వేస్తాడని, మిగతావాళ్ళకు కోస్తాడని. రెండు కులాల మధ్య మాటలు కూడా ఆగిపోయాయి. సగం మంది ప్రైవేటు వ్యానుకు పోయడం మొదలుపెట్టారు. విచారణకు పోయిన నేను పుస్తకాలన్నీ చూశాను, పెద్ద దొంగతనమేమీ దొరకలేదు. కానీ ఒకటి కనబడింది. పాలు పరీక్ష చేసే మిషను బల్ల మీద సెక్రటరీ వైపు తిరిగి ఉంది. అంకె ఆయనకు తప్ప పోసే మనిషికి కనబడదు, ఆయన నోటితో చెప్పింది కార్డులో పడుతుంది. మిషనును రైతుల వైపు తిప్పించాం, అంకెను పోసినవాళ్ళే చదివి పైకి చెప్పాలని తీర్మానం రాయించాం. ఒక ముసలావిడకు చదువు రాదు, ఆమె వెనక నిల్చున్న స్కూలు పిల్ల చదివి చెప్పేది. సెక్రటరీ అతనే, పాలు అవే, ధర అదే. కొన్నాళ్ళకు తిట్లు తగ్గాయి. వ్యానుకు పోయినవాళ్ళలో కొందరు తిరిగి వచ్చారు. అందరికంటే ఎక్కువ సంతోషించింది ఆ సెక్రటరీ, అన్నేళ్ళూ అతను నిజాయితీగా ఉన్నా నిరూపించుకునే దారి లేకపోయింది కదా. లెక్క కనబడకపోతే నష్టం మోసపోయేవాడికే అనుకుంటాం. నిజాయితీపరుడు కూడా దాంట్లోనే నలిగిపోతాడు.

ఇదే పని పెద్ద ఎత్తున భూగర్భజలాల విషయంలో జరిగింది, మన జిల్లాలో కూడా. 2003 తర్వాత కొన్నేళ్ళు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే భూగర్భజలాలను చూసుకునే పథకం ఒకటి ఏడు జిల్లాల్లో నడిచింది. చిత్తూరు, అనంతపురం, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ. రైతులకు సబ్సిడీ ఇవ్వలేదు, బోరు వెయ్యొద్దని ఎవరూ అడ్డుకోలేదు. చేసిందల్లా కొలవడం నేర్పడమే. ఊళ్ళో వానమాపకం పెట్టి రోజూ రాసేవాళ్ళు. ఎంచుకున్న బోర్లలోకి తీగ వదిలితే నీళ్ళు తగిలిన చోట పరికరం కూత పెడుతుంది, ఆ లోతు రాసేవాళ్ళు. మోటారు పోసే నీళ్ళను డ్రమ్ములో పట్టి ఎన్ని సెకన్లకు నిండిందో చూసేవాళ్ళు. అన్నీ ఊరి గోడ మీది బోర్డుకు ఎక్కేవి. వానాకాలం అయ్యాక అందరూ కూర్చుని భూమిలో ఉన్న నీళ్ళెన్ని, వెయ్యాలనుకున్న పంటలకు కావలసినవెన్ని అని లెక్క కట్టేవాళ్ళు. లోటు ఎంతో అందరి ముందూ తేలేది. 'ఈసారి వరి తగ్గించు' అని ఎవరూ ఎవరికీ ఆజ్ఞ వెయ్యలేదు. చాలామంది తమంతట తామే తగ్గించి, తక్కువ నీళ్ళు చాలే ఆరుతడి పంటలకు మళ్ళారు. దాని పక్కన 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టాన్ని పెట్టి చూడండి, మనం వాల్టా అంటాం కదా. తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల కొత్త బోరు వెయ్యకూడదు, అనుమతి తీసుకోవాలి, అన్నీ అందులో ఉన్నాయి. చట్టం మంచిదే. కానీ రాత్రికి రాత్రి రిగ్గు బండి వచ్చి వెయ్యి అడుగులు దింపి పోతుంటే పక్క చేనువాడు చూస్తూ ఊరుకుంటాడు, ఎందుకంటే రేపు తానూ వెయ్యాలి. ఊరు తనదనుకోని నియమాన్ని కాపలా కాయడానికి ఏ తహసీల్దారుకూ మనుషులు చాలరు.

పొదుపు సంఘాల కథ ఇంకా లోతైనది, దాంట్లో మంచీ చెడూ రెండూ మనకు పాఠమే. తాకట్టు పెట్టడానికి ఏమీ లేని ఆడవాళ్ళకు బ్యాంకు అప్పు ఇచ్చింది పదిమంది ఒకరికొకరు పూచీ అన్న ఒక్క మాట మీద. పంచసూత్రాలు మీ అమ్మగారికి నోటికి వచ్చి ఉంటాయి: క్రమం తప్పని సమావేశం, పొదుపు, లోపలి అప్పులు, సకాలంలో కంతు (అప్పు వాయిదా) కట్టడం, పుస్తక నిర్వహణ. ఐదింటిలో ఒక్కటి కూడా 'ఒకరినొకరు నమ్మండి' అని చెప్పదు చూడండి. ఐదూ చేస్తే నమ్మకం దానంతట అదే వస్తుంది. చాప మధ్యలో డబ్బు పోసి గట్టిగా ఎంచడం, అందరి ముందూ పుస్తకంలో ఎక్కించడం, వాటి మీదే ఆంధ్రలో ఇంత పెద్ద ఉద్యమం నిలబడింది. ఇక్కడ ప్రభుత్వం చేసిన మంచి పని, బ్యాంకులను తలుపు తెరవమని చెప్పి, పుస్తకాలు రాయడం నేర్పి పక్కన నిలబడటం.

తర్వాత పేదలకు చిన్న అప్పులిచ్చే సూక్ష్మరుణ కంపెనీలు వచ్చాయి. ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న ఆ పూచీనే వాళ్ళు తాకట్టుగా వాడుకున్నారు. ఒకామె వారం కంతు కట్టకపోతే మిగతావాళ్ళను ఆమె గడప ముందు కూర్చోబెట్టారు. తోడుగా ఉన్నవాళ్ళే కాపలాదార్లయ్యారు, పరువు పోయి ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత అది చట్టమయింది. ఆ అడ్డుకట్ట అవసరమేనని నేను ఇప్పటికీ అంటాను. దాంతో రాష్ట్రమంతా ఆ కంపెనీల వసూళ్ళు దాదాపు ఆగిపోయాయి, కట్టగలిగినవాళ్ళు కూడా మానేశారు. ఇక రుణమాఫీ హామీల సంగతి. ఏ పార్టీ అని కాదు, మాఫీ వస్తుందన్న మాట పడగానే సంఘంలో మొదట దెబ్బ తినేది క్రమంగా కట్టే ఆడమనిషి. 'కట్టి నువ్వేం బావుకున్నావు' అని అడుగుతారు ఆమెను. మాఫీ వచ్చినా రాకపోయినా ఆ ప్రశ్న మాత్రం సంఘంలో మిగిలిపోతుంది, వడ్డీ పెరుగుతూ పోతుంది. కరువులో రైతును ఆదుకోవద్దని నేను అనను. ఆదుకునే పద్ధతి మాట తప్పనివాడిని పిచ్చివాడిని చెయ్యకూడదు అంటాను.

సర్కారు మాత్రమే చెయ్యగలిగినవి కూడా ఉన్నాయి, అవి తక్కువవేమీ కాదు. వీధిలో అక్క నడిపే చీటీ చూడండి. ఆమె ఇల్లు మనకు తెలుసు, ఆమె కూతురు పెళ్ళికి మనం పోయాం, ఇరవై మంది దాకా అది సాఫీగా నడుస్తుంది. అదే చీటీ ఊళ్ళు దాటి, పేరు తెలియనివాళ్ళు వందలుగా చేరితే ఆ తెలిసినతనం చాలదు. అందుకే 1982 కేంద్ర చిట్‌ఫండ్ చట్టం చీటీని రిజిస్టరు చెయ్యాలని, నడిపేవాడు చీటీ మొత్తానికి తగ్గ సెక్యూరిటీ ముందే కట్టాలని పెట్టింది. ఆ డిపాజిట్ ఉంది కాబట్టే తిరుపతిలో కూర్చున్న మనిషి తనకు ముఖం తెలియని నలభై మందితో కలిసి పాట పాడగలుగుతాడు. ముఖం తెలిసినచోట ఊరు చాలు, తెలియనిచోట చట్టం కావాలి. అలాగే విపత్తు. 2021 నవంబరులో రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట లీకయినప్పుడు ఇసుక బస్తాలు దింపడం, కింది పల్లెలను ఖాళీ చేయించడం ఏ ఊరి చందాతోనూ అయ్యే పని కాదు. ఆస్ట్రమ్ చెప్పిన కాపలా, జరిమానా మామూలు రోజులకు సరిపోతాయి, అలాంటి రాత్రికి యంత్రాంగమే దిగాలి.

మీ కాలువ దగ్గర సర్కారు అవసరం ఇంకో రకంగా ఉంది. గట్టు జరిపినవాడి సంగతి ఊరు తేల్చలేదు. తేల్చబోతే అది రెండు కుటుంబాల పగగా, తర్వాత రెండు కులాల పగగా మారుతుంది. ఆ పని ఎఫ్ఎంబీ పటం (సర్వే నంబరువారీగా పొలాల కొలతలు చూపే సర్కారు పటం), సర్వేయరు చెయ్యాలి. కాలువ పోరంబోకు ఎంత వెడల్పో పటంలో ఉంటుంది. తహసీల్దారుకు అర్జీ ఊరి తరఫున, కొన ఆయకట్టు రైతులందరి సంతకాలతో పెట్టండి, ఒక్కరి పేరు మీద వద్దు. ఫలానా వాడు ఆక్రమించాడని రాయకండి, కాలువ పొడవునా హద్దులు చూపించమని మాత్రమే అడగండి. కొలత రోజున రెండు వైపుల రైతులూ అక్కడ ఉండేలా ముందే చాటింపు వేయించండి. మొదట కొలిచేది మీ కమిటీవాళ్ళ చేనే కావాలి, మీది జరిగి ఉంటే అప్పటికప్పుడే గట్టు వెనక్కి తీయించండి. ఆ తర్వాత పక్కవాడిని అడగడం సులువవుతుంది. అప్పటికీ ఒకడు ఒప్పుకోకపోతే చట్టం మీ వైపే ఉంది. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించే పథకాలు తయారు చెయ్యాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ తీర్పు నకలును మీ అర్జీకి జోడించండి, కానీ రచ్చబండ దగ్గర దాంతో బెదిరించకండి.

'గవర్నమెంటు పని' అనే సగం మందికి చెప్పాల్సింది వేరు. 1997లో రాష్ట్రం రైతుల చేతికి సాగునీటి నిర్వహణ ఇచ్చే చట్టం చేసింది, ఆ ఏడాదే పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. ఆలోచన గొప్పది. కానీ మరమ్మతుల డబ్బు పైనుంచి రావడం, సంఘం అధ్యక్షుడే ఆ పనులు చేయించడం వల్ల చాలాచోట్ల అధ్యక్షుడు కాంట్రాక్టరు అయిపోయాడు. ఆయకట్టు రైతు ఒక్క రూపాయి వెయ్యలేదు కాబట్టి లెక్క అడగాలని అతనికీ తోచలేదు. తర్వాత ఏళ్ళ తరబడి ఎన్నికలు లేవు, 2024 డిసెంబరులో మళ్ళీ జరిగాయి. మీ చెరువు ఆయకట్టు వంద ఎకరాలు దాటితే మామూలుగా నీటిపారుదల శాఖ కింద ఉంటుంది, సంఘం కూడా ఉంటుంది. వంద లోపయితే పంచాయతీది కావచ్చు. ఏది మీదో ముందు కనుక్కోండి, వాళ్ళ అనుమతి కాగితం చేతిలో లేకుండా జేసీబీ దించకండి. ఉపాధి హామీ కింద పూడిక పని పెట్టించుకోవచ్చు, మంచిదే. దానికి మన రాష్ట్రంలో 2006 నుంచి సామాజిక తనిఖీ ఉంది, మస్టరు (పనికి వచ్చినవాళ్ళ హాజరు పట్టీ) పేర్లు గ్రామసభలో చదివి వినిపించాలి. ఆ రోజున కుర్రవాళ్ళంతా ముందు వరసలో కూర్చోండి.

డబ్బు ఎవరి చేతిలో అన్న సగానికి జవాబు: ఎవరి చేతిలోనూ వద్దు. ముగ్గురి పేర్ల మీద బ్యాంకు ఖాతా తెరవండి. ఆ ముగ్గురూ మూడు వీధులవాళ్ళు కావాలి, ఇద్దరి సంతకం లేకుండా డబ్బు బయటికి రాకూడదు. ఒకరు తప్పనిసరిగా పొదుపు సంఘం లెక్క రాసిన ఆడమనిషి కావాలి. ఊళ్ళో పుస్తకం రాయడం నిజంగా వచ్చినవాళ్ళు వాళ్ళే. మొత్తం కాలువకు ఒకేసారి చందా అడగొద్దు. చెరువు దగ్గరి మొదటి ముక్క ఎంత అవుతుందో లెక్క కట్టి అంతవరకే అడగండి. 'ఎకరాకు ఇంత, ఇన్ని ఎకరాల వాళ్ళు ఒప్పుకుంటేనే వసూలు, లేదంటే ఎవరి దగ్గరా తీసుకోం' అని ముందే చెప్పండి. తన డబ్బు ఒక్కటే పోతుందన్న భయం దాంతో తీరుతుంది. ఇచ్చినవాళ్ళ పేర్లు రోజుకు రోజు రచ్చబండ దగ్గర బోర్డు మీద ఎక్కాలి. ఇవ్వనివాళ్ళ పేర్లు రాయకండి, రాస్తే వాళ్ళు ఎప్పటికీ ఇవ్వరు.

జేసీబీ దగ్గరే డబ్బు కారిపోయేది. గంటల లెక్క నోటిమాట మీద నడుస్తుంది కదా. బండిలో గంటల మీటరు ఉంటుంది. పని మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, ఆపేటప్పుడు ఒకసారి ఆ మీటరును ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. టిఫినుకు ఆపినా పెట్టండి. డ్రైవరుకు ఇది ముందే చెబితే ఏమీ అనుకోడు. సాయంత్రం ఆ రోజు గంటలు, ఇచ్చిన డబ్బు, మిగిలిన డబ్బు బోర్డు మీదికి ఎక్కాలి. భూమి లేని ఇళ్ళవాళ్ళను చందా అడగకండి, కానీ మీటింగుకు పిలవండి. చెరువు నిండితే వాళ్ళ పశువులు తాగుతాయి, చేపల వేలంలో వాళ్ళకూ మాట ఉండాలి. కాలువ బయట కూలి పని ఉంటే కూలి ఇచ్చి చేయించుకోండి, ఊరి సేవ అని ఉచితంగా అడగొద్దు.

సర్పంచ్ విషయం. కమిటీలో పెట్టకండి, ప్రతి మీటింగుకూ పిలవండి. కమిటీలో ఉంటే ఆయన పార్టీ కానివాళ్ళకు అది ఆయన కమిటీ అయిపోతుంది, ఎన్నికలు రాగానే కాలువ పని ఆయన ఖాతాలోనో ఆయన ప్రత్యర్థి ఖాతాలోనో పడుతుంది. పిలవకపోతే ఆయనకు అవమానం, అనుమతి కాగితం ఆగిపోతుంది. పనికి పంచాయతీ తీర్మానం కావాలని ఆయన్నే అడగండి, తీర్మానం ఆయన చేతుల మీదుగానే రానివ్వండి. ఖాతా మీద సంతకం మాత్రం ఆ ముగ్గురిదే. ఆయన మంచి మనిషయినా ఇదే చెబుతాను. వచ్చే సర్పంచ్ ఎవరవుతారో మనకు తెలియదు, కాలువను మాత్రం వచ్చే ఏడాది కూడా తవ్వాలి.

ఎఫ్ఎంబీ నకలు వచ్చాక సర్వే నంబర్లు తీసేసి పటాన్ని ఇక్కడ పెట్టండి. కొలతకు ఏ చివరి నుంచి మొదలుపెట్టాలో చూసి చెబుతాను.